శంఖంలో పోస్తేనే తీర్థం: ఈస్టు సంయోగ రకాల చరిత్ర

ఫ్రిస్కో పట్టణంలో ఏ కిరాణా దుకాణానికి వెళ్ళినా మూడేసి పొట్లాలు అతికించి అమ్మే ఎండు ఈస్టు కనబడుతుంది. పొట్లానికి ఏడు గ్రాములు. అందులో వందల కోట్ల కణాలు నిద్రాణమై ఉంటాయి. మన ఇడ్లీ పిండి పొంగడంలో పెద్దరికం బాక్టీరియాలదే కాని, రొట్టె, ద్రాక్షసారా మాత్రం ఈ ఈస్టు చలవే. వంటింటికి అది చేసిన మేలు అందరూ ఎరిగినదే. జన్యుశాస్త్రానికి చేసిన మేలు అంతగా ప్రచారం పొందలేదు. జన్యువు కణంలో ఉన్నంత మాత్రాన పని చేస్తున్నట్లు కాదనీ, అది ఏ చోట ఉన్నదన్నది ముఖ్యమనీ స్పష్టంగా చూపినవాటిలో ఈస్టు ఒకటి. విశేషమేమిటంటే, ఆ సంగతిని శాస్త్రజ్ఞులు ఈస్టు డి.ఎన్.ఏ.ను చేతపట్టి చూడకముందే, సంకరాలు చేసి, సంతానాన్ని లెక్కపెట్టి ఊహించగలిగారు.

ఈస్టులో ఆడ, మగ అన్న భేదం లేదు. ఉన్నవి రెండు సంయోగ రకాలు: ‘ఎ’, ‘ఆల్ఫా’. చూపులకు రెండూ ఒకటే. ఒక్కొక్కటీ తన వాసనద్రవ్యాన్ని వెదజల్లి ఎదుటి రకాన్ని పిలుస్తుంది. రెండూ కలిస్తే ద్వయస్థితిక కణం ఏర్పడుతుంది. ఆ కణం ఇక ఎవరితోనూ జతకట్టదు. తిండి కరువైనప్పుడు నాలుగు సిద్ధబీజాలను పెడుతుంది. వాటిలో రెండు ‘ఎ’, రెండు ‘ఆల్ఫా’.

కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఓయ్‌విన్ వింగె 1935లో ఈస్టు జీవితచక్రంలో ఏకస్థితిక, ద్వయస్థితిక దశలు రెండూ ఉన్నాయని చూపాడు. సెయింట్ లూయిస్‌లో కార్ల్, గెర్‌ట్రూడ్ లిండెగ్రెన్ దంపతులు 1943లో రెండు సంయోగ రకాలను గుర్తించారు. ఇక్కడే చిక్కు వచ్చిపడింది. లిండెగ్రెన్ల ఈస్టు ‘ఎ’ అయితే తరతరాలా ‘ఎ’గానే ఉండేది, పదిలక్షల కణాలలో ఏ ఒక్కటో మాట తప్పేది. వింగె ఈస్టు అలా కాదు. ఒంటరి సిద్ధబీజాన్ని వేరుచేసి పెంచినా, కొద్ది తరాలలో దాని సంతానమే తమలో తాము జతకట్టి ద్వయస్థితికమయ్యేది. దీనికి కారణం ఒకే జన్యువని 1949లో వింగె, రాబర్ట్స్ చెప్పారు. దానినే నేడు హెచ్‌ఓ అంటున్నాం. ఏక కణం నుంచి పుట్టిన సంతానంలో రెండు రకాలు ఎలా వచ్చాయన్నది మాత్రం తేలలేదు.

ఈ చిక్కుకు ముడి విప్పినది ఏ పేరుమోసిన విశ్వవిద్యాలయమో కాదు. జపానులో విస్కీ తయారుచేసే సంటోరీ సంస్థ పరిశోధనాలయంలో యాసుజి ఓషిమా, ఇసాము తకానో పనిచేసేవారు. ఈస్టు సంకరాలను ఏళ్ళ తరబడి పరిశీలించి, రకాన్ని నిర్ణయించే మ్యాట్ స్థానానికి వేరే స్థానాల నుంచి నియంత్రణ అంశాలు కదలివచ్చి చేరుతున్నాయని 1971లో ప్రతిపాదించారు. మొక్కజొన్నలో బార్బరా మెక్‌క్లింటాక్ వర్ణించిన కదిలే జన్యు అంశాలే వారికి మేలుబంతి. మెక్‌క్లింటాక్ మాటను శాస్త్రలోకం అప్పటికి ఇరవై ఏళ్ళుగా మర్యాదగా పక్కన పెట్టి ఉంచింది. అందరూ అనుమానంతో చూస్తున్న సిద్ధాంతాన్ని ఆసరా చేసుకుని మరొక సిద్ధాంతం నిలబెట్టడానికి గుండె కావాలి. ఓషిమా, తకానోలకు దక్కవలసినంత కీర్తి దక్కలేదన్నది నా అభిప్రాయం.

ఆ ఊహను పరీక్షకు పెట్టిన తీరు ముచ్చటైనది. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హిక్స్, ఐరా హెర్‌స్కోవిట్జ్ మ్యాట్ స్థానంలో లోపమున్న ‘ఆల్ఫా’ కణాన్ని తీసుకున్నారు. అది జతకట్టలేదు. దానికి హెచ్‌ఓ జన్యువును సమకూర్చి, ‘ఎ’గా మారనిచ్చి, తిరిగి ‘ఆల్ఫా’గా మారనిచ్చారు. రెండు రకాల సమాచారమూ మ్యాట్ స్థానంలోనే ఉండి అటూ ఇటూ తిరగబడుతున్నదైతే, పాత లోపమే మళ్ళీ బయటపడాలి. బయటపడినది లోపం లేని ‘ఆల్ఫా’! అంటే పాత ముక్క పోయి, ఆ చోటికి మరెక్కడినుంచో కొత్త ప్రతి వచ్చింది. 1977లో వీరిద్దరూ, జెఫ్రీ స్ట్రాథర్న్ కలిసి దీనికి క్యాసెట్టు నమూనా అని పేరుపెట్టారు. క్యాసెట్టు దుకాణంలో అసలు ప్రతి బీరువాలోనే ఉంచి, మనకు కావలసిన పాటలను మన టేపు మీదికి ఎక్కించి ఇచ్చిన రోజులు గుర్తున్నవారికి ఈ పేరు సులువుగా అర్థమవుతుంది. మూడవ క్రోమోజోము రెండు కొసలలోనూ రెండు బీరువాలున్నాయి: సాధారణంగా హెచ్‌ఎమ్‌ఎల్‌లో ‘ఆల్ఫా’ ప్రతి, హెచ్‌ఎమ్‌ఆర్‌లో ‘ఎ’ ప్రతి. అవి పలకవు. నడుమనున్న మ్యాట్‌లోకి ఎక్కినదే పలుకుతుంది.

ఇంచుమించు అదే కాలంలో బర్క్లీలో సేమూర్ ఫోగెల్‌తో కలిసి ఇదే దారిలో నడిచినవాడు అమర్ క్లార్. పంజాబులో పుట్టి, లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వచ్చినవాడు. హెర్‌స్కోవిట్జ్ బృందమూ, క్లార్ వేర్వేరుగా పై ప్రయోగానికి తిరుగుడు ప్రయోగం చేశారు: బీరువాలోని ప్రతిలో లోపముంటే, అది మ్యాట్‌లోకి వచ్చినప్పుడు ఆ లోపం బయటపడుతుంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో హిక్స్, స్ట్రాథర్న్, క్లార్ ఒకటిగా చేరి 1979లో డి.ఎన్.ఏ. ఆధారాన్నే చూపారు. 1980లో కిమ్ నాస్మిత్, కెల్లీ టాచెల్ ఆ స్థానాల నిర్మాణాన్ని వివరించారు. అదే ప్రాంగణంలో మొక్కజొన్న పెంచిన మెక్‌క్లింటాక్‌కు 1983లో, ఎనభై ఒకటో ఏట, నోబెల్ బహుమతి వచ్చింది. హెచ్‌ఓ చేసే పని కూడా ఆ కాలంలోనే తేలింది: అది మ్యాట్ దగ్గర డి.ఎన్.ఏ.ను రెండు పోగులూ తెగేలా కోస్తుంది. కణం ఆ గాయాన్ని బీరువాలోని ప్రతిని చూసి పూడ్చుకుంటుంది.

శంఖంలో పోస్తేనే తీర్థం అన్నట్టు, ఒకే డి.ఎన్.ఏ. వరుస మ్యాట్‌లో ఉంటే మాట్లాడుతుంది, బీరువాలో ఉంటే మూగబోతుంది. మూగ చేసేదెవరు? 1979లో క్లార్ ఒక జన్యువును గుర్తించి మార్1 అన్నాడు. జాస్పర్ రైన్, అతని సహచరులు అదే తరహా జన్యువుకు సర్ అని పేరుపెట్టారు. అవి చెడితే బీరువాలు రెండూ ఒకేసారి పలుకుతాయి. కణం తనను ద్వయస్థితికంగా భ్రమించి జతకట్టడం మానేస్తుంది. సర్ అన్న పేరే నిలిచింది. వాటిలో సర్2కు మనిషిలో ఏడు బంధువులున్నాయి. వార్ధక్యం గురించి పరిశోధించేవారు నేడు వాటి చుట్టూనే తిరుగుతున్నారు. ఈస్టు జన్యువుల ఈ మౌనం మీద హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కృష్ణవేణి మిశ్రా బృందం కూడా పనిచేసింది.

మరొక సంగతి. ఒకసారి మొగ్గ తొడిగిన తల్లి కణమే రకం మార్చుకోగలదు. అప్పుడే పుట్టిన పిల్ల కణం మార్చుకోలేదు. ఒకే జన్యుసంపద ఉన్న తల్లీపిల్లలకు ఈ తేడా ఎందుకు? ఈ ప్రశ్న క్లార్‌ను 2017లో ఆయన మరణించేదాకా వదలలేదు. రెండుగా చీలి పెరిగే మరొక జాతి ఈస్టులో, డి.ఎన్.ఏ. రెండు పోగులు ఒకదానికొకటి సమానం కావనీ, ఏ పోగు వారసత్వంగా వచ్చిందన్నదే పిల్ల కణం దారిని నిర్ణయిస్తుందనీ 1987లో చూపాడు. తరువాత చూపు మనుషుల మీదికి మళ్ళింది. విమానాశ్రయాల్లో, అంగళ్ళలో జనం తలల మీది సుడులు ఎటు తిరుగుతున్నాయో గమనించి, ఎడమచేతి వాటానికీ సుడి దిశకూ ఒకే జన్యువు మూలమని 2003లో వ్రాశాడు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని నవ్వుకునే మనకు ఇది ఆసక్తికరమే. అయితే ఈస్టు విషయంలో వచ్చినంత ఒప్పుదల ఈ వాదానికి రాలేదు. తరువాత వెదికిన కొందరికి ఆ సంబంధం కనబడలేదు.

ఇక ఆ లిండెగ్రెన్ల కాలపు ఈస్టు ఎక్కడిదంటారా? 1938లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో కుళ్ళిన అంజూరపు పండు మీద ఎమిల్ మ్రాక్ సేకరించిన ఈస్టు కార్ల్ లిండెగ్రెన్ చేతికి చేరింది. ప్రయోగశాలల్లో నేడు ప్రామాణికంగా వాడే ఎస్288సి ఈస్టు జన్యుసంపదలో దాదాపు 88 శాతం ఆ అంజూరపు పండుదే.