వివా: ఒక గాయనీ బృందం కథ

బృందగానం మన శాస్త్రకారులకు కొత్త విషయం కాదు. క్రీ.శ. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉండి శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో బృందలక్షణం విడిగా నిరూపింపబడింది. ఉత్తమ బృందంలో నలుగురు ముఖ్యగాయకులు, ఎనిమిది మంది సమగాయకులు, పన్నెండు మంది గాయనులు, నలుగురు వేణువాదకులు, నలుగురు మార్దంగికులు ఉండాలని ఆయన లెక్క. అంతటితో ఊరుకోక బృందానికి ఆరు గుణాలను కూడా చెప్పాడు. ముఖ్యగాయకుని అనుసరించడం, గొంతులు కలవడం, తాళాన్ని వెంబడించడం, ఒకరి పాటలో వెలితి ఏర్పడితే మరొకరు పూరించడం, మూడు స్థాయిలలోనూ వ్యాపించగల శక్తి, ధ్వనుల పోలిక. ఈ ఆరింటిలో రూపం గాని, ప్రఖ్యాతి గాని లేవు. వీనిలో నాలుగవది మరీ ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే అది ఎంపికతో వచ్చేది కాదు, సహవాసంతో వచ్చేది.

ఏడు శతాబ్దాలు దాటిన తరువాత బృందాన్ని తయారు చేసే పనిని టెలివిజన్ చేపట్టింది. 1999లో న్యూజీలాండులో 'పాప్‌స్టార్స్' అనే ధారావాహిక ప్రసారమైంది. యువతులను పిలిచి, పాడించి, వడపోసి, చివరకు ఐదుగురిని నిలిపి 'ట్రూబ్లిస్' అనే బృందాన్ని కట్టారు. ఈ వడపోతనంతా ప్రేక్షకులు ఇంట కూర్చుని చూశారు. పాట విడుదలయ్యే నాటికే పాడేవారు అందరికీ పరిచితులైపోయారు. ఇంత లాభసాటి పద్ధతిని దేశదేశాలు కొనుక్కున్నాయి. 2000లో ఆస్ట్రేలియాలో 'బార్డో', జర్మనీలో 'నో ఏంజెల్స్' ఇలాగే పుట్టాయి.

మన దేశానికి ఆ పద్ధతి 2002లో ఛానెల్ వీ ద్వారా వచ్చింది. ఒక శీతల పానీయ సంస్థ ప్రాయోజకత్వంలో పలు నగరాలలో ఎంపికలు జరిగాయి. చివరకు నిలిచినవారు ఐదుగురు: నేహా భాసిన్, అనుష్కా మన్‌చందా, ప్రతీచీ మహాపాత్ర, మహువా కామత్, సీమా రామ్‌చందానీ. బృందానికి 'వివా' అని పేరు పెట్టారు. ఆ మాటకు 'వర్ధిల్లు గాక' అని అర్థం. అదే సంవత్సరం ఆ పేరుతోనే తొలి ఆల్బం వెలువడి, దేశమంతటా యువతరం నోట మెదిలింది. 2003లో సీమ బృందాన్ని వీడింది. మిగిలిన నలుగురూ 'వివా రీలోడెడ్' అనే రెండవ ఆల్బం చేశారు. 2005 నాటికి బృందం విడిపోయింది. వర్ధిల్లమని పేరు పెట్టిన బిడ్డకు మూడేళ్ల ఆయువు!

దీనికి కారణం ఆ అమ్మాయిలలో ప్రతిభ లేకపోవడమా? కానే కాదు. తరువాతి చరిత్ర ఆ మాటను ఖండిస్తున్నది. సల్మాన్ ఖాన్ 'సుల్తాన్' చిత్రంలోని పాటకు నేహా భాసిన్ 2017లో ఉత్తమ గాయనిగా ఫిలింఫేర్ పురస్కారం అందుకున్నది. ఆమె గొంతు మన తెలుగువారికీ చిరపరిచితమే. '1: నేనొక్కడినే' (2014), 'జనతా గ్యారేజ్' (2016), 'జై లవకుశ' (2017) చిత్రాలలో దేవిశ్రీ ప్రసాద్ సంగీతంలో ఆమె పాడింది. ఆ పాటలు విన్నవారిలో ఆ గొంతు ఒకనాటి ఐదు గొంతులలో ఒకటని ఎందరు ఎరుగుదురు? అనుష్కా మన్‌చందా సినిమాలలో పాడి, టెలివిజన్ వ్యాఖ్యాతగా రాణించి, అనంతరం 'కిస్ నూకా' అన్న పేరుతో సొంత సంగీతం చేస్తున్నది. వ్యక్తులు నిలిచారు, బృందం నిలవలేదు. ప్రశ్న ఇక్కడే ఉన్నది.

మొదటి కారణం మన సంగీత విపణి స్వభావం. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', 1996లో లక్కీ అలీ 'సునో' వచ్చిన కాలంలో సినిమాతో సంబంధం లేని పాటకు కొంత చోటు దొరికింది. వివా పుట్టే నాటికి ఆ చోటు ఇరుకవుతున్నది. దొంగ సీడీలు, పాత సినిమా పాటల రీమిక్సులు ఒకవైపు, అన్నింటినీ తనలో కలుపుకొనే సినిమా మరొకవైపు. సినిమాకు కావలసింది ఒక్కొక్క గొంతే కాని ఐదు గొంతుల జట్టు కాదు.

రెండవ కారణం టెలివిజన్ స్వభావం. దానికి ఎంపికే కథ. ఎంపిక ముగిసిందంటే కథ ముగిసినట్లే. మరుసటి ఏడాదే, 2003లో, అదే ఛానెల్ అదే పద్ధతిలో 'ఆస్మా' అనే మరో బృందాన్ని తయారు చేసింది. దానిలోని నీతీ మోహన్ కూడా తరువాత సినిమా గాయనిగానే పేరు పొందింది. 2004లో 'ఇండియన్ ఐడల్' వచ్చి, పోటీని పూర్తిగా వ్యక్తిపరం చేసింది. తెలుగులో అంతకుముందే, 1996లో, ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు గురుస్థానంలో నిలిచి, తప్పులు దిద్ది, ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ వంటివారిని తీర్చిదిద్దారు. 2000లో 'హై రబ్బా' ఆల్బంతో తెలుగు పాప్‌కు గుర్తింపు తెచ్చిన స్మిత కూడా ఆ వేదిక మీద పాడినదే. ఆ సేవ గొప్పది. అయితే అదీ ఏకైక గాయకులను తయారు చేసిన వేదికే.

టెలివిజన్‌లో పుట్టిన బృందాలన్నీ అల్పాయుష్కాలేనా? బ్రిటన్ ఉదాహరణ చూడండి. 2002లో అక్కడి 'పాప్‌స్టార్స్: ద రైవల్స్' ఒకేసారి రెండు బృందాలను సృష్టించింది. అబ్బాయిలది 'వన్ ట్రూ వాయిస్', అమ్మాయిలది 'గర్ల్స్ అలౌడ్'. ఎంపిక ఒకటే, ప్రచారం ఒకటే, ప్రేక్షకులు ఒకరే. అబ్బాయిల బృందం 2003లోనే ముగిసింది. అమ్మాయిలవి వరుసగా 20 పాటలు అక్కడి మొదటి పది స్థానాలలో నిలిచాయి. నడుమ విరామం ఉన్నా ఆ బృందం 2013 వరకు సాగింది. తేడా ఎక్కడ వచ్చింది? బ్రయన్ హిగ్గిన్స్ నాయకత్వంలోని 'జెనోమేనియా' అనే రచయితల బృందం ఏళ్ల తరబడి వారితో పనిచేసి, ఏ గొంతు ఎక్కడ ఒదుగుతుందో ఎరిగి పాటలు కట్టింది. ఎంపిక తరువాత సాధన ఉన్నది. ఆ ఐదుగురిలో సారా హార్డింగ్ 2021లో కేన్సర్‌తో మరణించగా, మిగిలిన నలుగురూ 2024లో ఆమెను స్మరిస్తూ మళ్లీ వేదిక ఎక్కారు.

ఇంత దూరం పోనవసరం లేదు. మా పగిడ్యాల చుట్టుపక్కల పల్లెలలోనూ, రాయలసీమ అంతటా చెక్కభజన జట్లు ఉన్నాయి. జట్టులో ఒకరు వలస పోతే మరొకరు చెక్కలు అందుకుంటారు. మనుషులు మారినా జట్టు ఉంటుంది. ఎందుకు? దానికి ఒక గురువు ఉన్నాడు, రాములవారి గుడి ముంగిట సాధన ఉన్నది, ఏటేటా వచ్చే పండుగ ఉన్నది. ఆ జట్టును ఎవరూ ఓట్లు వేసి ఎన్నుకోలేదు. పాడవలసిన అవసరం ఊరికి ఉన్నది, అంతే.

వివాకు గొంతులున్నాయి, పేరున్నది, ప్రచారమున్నది. ఏటేటా పిలిచే ముంగిలి మాత్రం లేదు. ఒకరి వెలితిని ఒకరు పూరించే నేర్పు పండడానికి పట్టే కాలాన్ని వారికి ఎవరూ ఇవ్వలేదు. అందుచేత ఆ అమ్మాయిలను నీటిబుడగలని తీసిపారేయడం న్యాయం కాదని నా మనవి. వారు పాడారు. పాడించినవారే మధ్యలో లేచిపోయారు. నేడు పిల్లలను పాటల పోటీలకు పంపే తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ ఎంపికైన మరునాడు ఆ పిల్లలు ఎవరితో కలిసి, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు సాధన చేస్తారో కూడా ఒకమారు ఆలోచించాలి.

స్వస్తి.