రాడ్యూరా

అమెరికా వెళ్లే మన మామిడిపండ్ల పెట్టె మీద ఆకుపచ్చ గుర్తొకటి ఉంటుంది: వలయంలో చిన్న మొక్క, వలయం పైసగం తునకలు తునకలుగా. అదే రాడ్యూరా, ఆహారాన్ని కిరణాలతో శుద్ధి చేశారని చెప్పే గుర్తు. 1960లలో నెదర్లాండ్స్‌లో పుట్టింది. ‘రేడియేషన్’కు, మన్నికను సూచించే లాటిన్ ‘డ్యూరస్’ను జోడించి ‘రాడ్యురైజేషన్’ అన్నారు. అందులోంచి వచ్చిన పేరిది.

పేరు నిల్వ గురించి చెబుతుంది గానీ, మామిడిలో అసలు పని పురుగు మీద. టెంకలో దాగినదాన్ని కాయ కోయకుండా కనిపెట్టలేం. 400 గ్రేల మోతాదులో గామా కిరణాలు తగిలితే అది వెంటనే చావకపోవచ్చు, దాని సంతతి మాత్రం ఆగిపోతుంది. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉల్లి కోసం కట్టిన కేంద్రంలో ఇలా శుద్ధి చేశాకే, 2007లో మన పండు అమెరికా చేరింది. పండులో రేడియోధార్మికత ఏమీ మిగలదు. ఆ గుర్తుకు జడిసి బంగినపల్లిని పక్కన పెట్టేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.