ఆరోగ్య బీమా: ఏ కార్డు ఎంతవరకు ఆదుకుంటుంది?

కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు జబ్బుపడితే నష్టం రెండు వైపులా ఉంటుంది: ఆస్పత్రి ఖర్చు ఒకటి, పోయిన కూలి మరొకటి. చాలా బీమాలు మొదటిదానికే, అదీ ఆస్పత్రిలో చేరాకే పనికొస్తాయి. అందుకే “ఆరోగ్యశ్రీ ఉంది కదా” అనే మాట దగ్గర ఆగిపోకూడదు.

ఆరోగ్యశ్రీ: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. జాబితాలోని చికిత్సలకే, నెట్‌వర్క్ ఆస్పత్రుల్లోనే వర్తిస్తుంది.

ఆయుష్మాన్ భారత్: 2018లో వచ్చిన కేంద్ర పథకం. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. అర్హతకు 2011 సామాజిక ఆర్థిక కులగణన ఆధారం. గ్రామాల్లో ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడం ఒక ప్రమాణం. పట్టణాల్లో పారిశుధ్య కార్మికులు, చెత్త ఏరుకునేవారు, ఇళ్లలో పనిచేసేవారు అర్హుల జాబితాలో ఉన్నారు.

ఈఎస్ఐ: ఇది 1948 చట్టంతో మొదలైన హక్కు. నెల వేతనం 21,000 రూపాయలు మించని కార్మికులకు, చట్టం పరిధిలోని సంస్థల్లో వర్తిస్తుంది. కార్మికుల వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఓపీ, మందులు, కుటుంబానికి వైద్యం ఉంటాయి. జబ్బుతో పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం, పనిలో గాయపడి పనికి దూరమైతే 90 శాతం ఇస్తారు. పనిలో ప్రమాదం వల్ల మరణిస్తే ఆధారపడినవారికి నెలనెలా భృతి వస్తుంది.

ప్రైవేటు పాలసీ: ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది.

పళ్ల వైద్యం: పన్ను పీకించుకోవడం, సిమెంటు పెట్టించుకోవడం లాంటివి చాలా పాలసీల్లో ఉండవు, ప్రమాదంలో దెబ్బతింటేనే చెల్లిస్తాయి. పేదలకు దారి ప్రభుత్వ దంత వైద్యశాలే. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి.

బస్తీకి వెళ్లినప్పుడు ముందు జీతం చీటీ అడగండి. ఈఎస్ఐ కోత ఉందా? బీమా నంబరు ఇచ్చారా? ఆ నంబరు మీద డబ్బు జమవుతోందా? కాంట్రాక్టరు కట్టకపోతే చట్టం ప్రకారం చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమానిదే. జమ కాని ప్రతి నెలా, రేపు జబ్బుపడిన రోజున అందాల్సిన కూలికి గండి కొడుతుంది.