లెక్కకు అందని కాడ్: న్యూఫౌండ్‌లాండ్ మత్స్యసంపద పతనం

1977లో కెనడా తన మత్స్యపరిధిని 200 నాటికల్ మైళ్లకు విస్తరించి విదేశీ నౌకలను నియంత్రించింది. ఇక న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపల నిల్వలు పెరుగుతాయని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ అంచనాకు ప్రధానాధారాలలో ఒకటి పెద్ద ట్రాలర్ల పట్టుబడి రేటు. చిక్కు అక్కడే ఉంది. చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి గుంపులుగా ఒకచోట చేరాయి. ట్రాలర్లు ఆ గుంపులనే వెతికి పట్టాయి. అందువల్ల నిల్వలు తరిగిపోతున్నా వాటి వలలు నిండుతూనే ఉన్నాయి. తీరంలో చిన్న పడవలపై వేటాడేవారు తమకు చేప దొరకడం లేదని 1980ల నడుమ నుంచే మొరపెట్టుకున్నారు. వారి అనుభవానికి గణాంకాలతో సమానమైన విలువ దక్కలేదు. దీనిని సాంకేతిక దోషమని సరిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు. 1992 జూలై 2న వేటను నిషేధించారు. సుమారు 30 వేలమంది ఉపాధి కోల్పోయారు. రెండేళ్లకని ప్రకటించిన ఆ నిషేధం 2024లో గాని పూర్తిగా తొలగలేదు.