జనాభా లెక్కల్లో ఇల్లూ, ఇల్లాలూ

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినది ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర నాకు రాదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆఫీసు కాగితాలతో బ్రతికిన గుమాస్తాను. 1981, 1991, 2001 జనాభా లెక్కల్లో పనిచేశాను. మన సభ్యుల్లో ఆ డ్యూటీ చేసినవారు చాలామందే వుంటారు. ఆ లెక్కల కాగితం మన ఇళ్ళను ఏ కంటితో చూసిందో, ఆ చూపు ఎట్లా మారుతూ వచ్చిందో నాకు తెలిసినంతలో చెబుతాను.

మన దేశంలో మొదటి లెక్క 1872 ప్రాంతంలో జరిగింది గాని, అన్నిచోట్లా ఒకేసారి కాదు. దేశమంతా ఒకేసారి జరిగింది 1881లో. నిజాం రాజ్యంలో మొదటి లెక్కా అదే. 1931 దాకా ఒక్క రాత్రి లెక్క. ముందే వ్రాసుకున్న పట్టీని ఆ రాత్రి ఇంటింటికీ తిరిగి సరిచూసేవారు. 1941 నుంచి ఆ పద్ధతి మాని కొన్ని రోజుల గడువు ఇచ్చారు.

దొరలకు వచ్చిన మొదటి చిక్కు 'ఇల్లు' అంటే ఏమిటని. దారివైపు వేరే గుమ్మం వుంటే ఒక ఇల్లు అనుకున్నారు. మరి ఒకే మండువా లోగిలిలో ముగ్గురు అన్నదమ్ములు వేరు కాపురాలు వుంటే? అందుకని తరువాతి లెక్కల్లో చాలాచోట్ల గుమ్మాన్ని వదిలి పొయ్యిని పట్టుకున్నారు. ఒక పొయ్యి మీద వండుకుని తినేవారంతా ఒక ఇల్లు. స్వతంత్రం వచ్చాక 1951 నుంచి జరిగిన లెక్కల్లోనూ కుటుంబానికి ఆధారం ఇదే, కలిసి వుండటం, ఒకే వంట తినటం. రక్తసంబంధం అక్కరలేదు. గది అద్దెకు తీసుకుని కలిసి వండుకునే నలుగురు బ్రహ్మచారులు కూడా లెక్కలో ఒక కుటుంబమే.

నియమం చక్కగానే వుంది. అయితే 1981లో నా బ్లాకులో ఒక పెద్దాయన వుండేవాడు. పగలు పెద్దకొడుకు ఇంట్లో భోజనం, రాత్రి చిన్నకొడుకు ఇంట్లో. పెద్దవాడిని అడిగితే "తమ్ముడి ఇంట్లో వ్రాయండి" అన్నాడు. తమ్ముడిని అడిగితే "అన్నయ్య దగ్గరే కదండీ వుండేది" అన్నాడు. ఆయన అరుగు మీద కూర్చుని అంతా వింటూనే వున్నాడు. రాత్రి పడుకునేది ఎక్కడని అడిగి, చిన్నకొడుకు ఇంట్లో వ్రాశాను. దానికి వాళ్ళు నాతో పోట్లాడారు కూడా.

పేర్ల సంగతి మరీ చిత్రం. 1881 నాటి సూచనల్లోనే, ఆడవారి పేరు చెప్పడానికి అభ్యంతరపెడితే 'స్త్రీ' అని వ్రాసుకుని ముందుకు సాగమన్నారు. నూరేళ్ళ తరువాత మా రోజుల్లో ఆడవారు తమ పేరు చెప్పేవారు గాని భర్త పేరు మాత్రం ససేమిరా చెప్పేవారు కాదు. "ఏడుకొండలవాడి పేరేనండీ" అంటే వెంకటేశ్వర్లు అని మనం గ్రహించాలి. కుటుంబ పెద్దగా ఆడవారిని కూడా వ్రాయవచ్చని, ఇంటివారు ఎవరిని పెద్దగా అనుకుంటే వారినే వ్రాయాలని సూచనల్లో స్పష్టంగా వుంది. అయినా భర్త పోయిన ఇంట్లో పదహారేళ్ళ కొడుకు పేరు ముందు వ్రాయించిన తల్లులను చూశాను. 2011 లెక్కలో దేశం మొత్తం మీద సుమారు 2.7 కోట్ల ఇళ్ళకు ఆడవారే పెద్దలుగా నమోదయ్యారు.

అసలు చెప్పవలసింది పని సంగతి. 1961 లెక్కలో పనిచేసే స్త్రీలు సుమారు 5.9 కోట్లు. 1971కి వచ్చేసరికి 3.1 కోట్లు. ఈ పదేళ్ళలో దేశజనాభా 44 కోట్ల నుంచి 55 కోట్లకు పెరిగింది. సగం మంది ఆడవారు పని మానుకుని ఇంట్లో కూర్చున్నారా? ఏమీ లేదు. ప్రశ్న మారింది. 1961లో పంటకాలంలో చాలాభాగం రోజుకు గంటకు మించి పనిచేసినా పనివారిగానే వ్రాశారు. 1971లో "మీ ముఖ్యమైన వ్యాపకం ఏమిటి?" అని అడిగారు. వంట చేసి, పిల్లలకు పెట్టి, ఆపైన నాట్లకు వెళ్ళిన ఇల్లాలు 'ఇంటిపని' కిందకు జారిపోయింది. తేడా అంతా దీనివల్లే అనను గాని, పెద్దభాగం దీనివల్లే. 1981లో దిద్దుబాటుగా, ఏడాదిలో ఎక్కువకాలం పనిచేసేవారిని, కొద్దికాలం చేసేవారిని విడివిడిగా చూపారు. గత ఏడాదిలో అసలు ఏ కాస్తయినా పనిచేశారా అన్నది ముందు అడగవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్న నేను అడగలేదు. మా ఇల్లు కూడా నా బ్లాకులోనే పడింది. మా అమ్మకు రెండు గేదెలు. తెల్లవారకముందే లేచి పాలు పితికి, వాడికలకు పోసి వచ్చేది. నా చదువుకు ఫీజులు కట్టింది ఆ పాలడబ్బులతోనే. ఆమె స్లిప్పులో 'ఇంటిపని' అని ఆమెను అడగకుండానే నా చేత్తో నేనే వ్రాశాను. పాలు అమ్మటం అప్పటి నియమాల ప్రకారమే పని. నాకు తట్టనేలేదు. 1991లో ఆ ప్రశ్నకే 'సొంత పొలంలోగాని, కుటుంబ వ్యాపారంలోగాని జీతం లేకుండా చేసినది కూడా' అన్న అర్థం వచ్చే మాటలు చేర్చారు. ట్రైనింగులో అది చదివినప్పుడు అమ్మ గుర్తుకు వచ్చింది. అప్పటికే ఆమె పోయి మూడేళ్ళు. 2001లో ఇంటి వాడకానికే పాడి చేసుకున్నా పనిగానే లెక్క అన్నారు.

ఆడ, మగ అన్న గడి కూడా అంతే. హిజ్రాలను మగవారిగా వ్రాయాలన్నది తెల్లదొరల కాలపు నియమం. 2001 దాకా అదే నడిచింది. 1991లో ఒకామె నా చేతిలోని కాగితం చూసి, "పేరు ఆడపేరు వ్రాసుకున్నావు, పక్కన మగ అంటావేమయ్యా?" అంది. రూలు అట్లా వుందమ్మా అన్నాను. 2011లో మొట్టమొదటిసారి 'ఇతరులు' అని మూడో అంకె ఇచ్చారు. దేశంలో 4,87,803 మంది, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది అట్లా నమోదయ్యారు. సుప్రీంకోర్టు తృతీయ ప్రకృతివారిని గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది ఆ తరువాత, 2014లో. ఈ ఒక్క విషయంలో కోర్టు కన్నా లెక్కల కాగితమే ముందు నడిచింది.

2011లో మా ఇంటికి ఒక చిన్న వయసు టీచరమ్మ వచ్చింది. పిల్లలు ఊళ్ళు పట్టిపోయారు కనుక ఇంట్లో ఇద్దరమే. కుటుంబ పెద్ద ఎవరని అడిగితే మా ఇంటావిడ నావైపు చెయ్యి చూపించి, "పేరు ఆయననే అడుగమ్మా" అంది. నేను నవ్వాను. టీచరమ్మ మాత్రం నవ్వకుండా ఆవిడ వైపు తిరిగి, ఆవిడ పని గురించి ఆవిడనే అడిగి వ్రాసుకుంది.

2021లో జరగవలసిన లెక్క కరోనా వల్ల ఆగిపోయింది. 2027 మార్చి 1వ తేదీని ఆధారంగా పెట్టి లెక్క జరుగుతుందని 2025 జూన్‌లో ప్రకటించారు. ఆ వార్త పేపరులో చదివి వినిపిస్తే మా ఇంటావిడ, ఈసారి మీ పేరు నేనే చెబుతాను లెండి అంది.