ఆల్చిప్పల పరిశోధనలో ఉష్ణోగ్రత నియంత్రిత నీటి తొట్లు

ఆల్చిప్పలు, గుల్లలు వంటి జీవులను ప్రయోగశాలలో పెంచడానికి సముద్రపు నీటిని కావలసిన వేడి దగ్గర నిలకడగా ఉంచే ఏర్పాటు ఇది. తొట్టి, పంపు, వడపోత, హీటరు లేదా చిల్లరు, థర్మోస్టాట్ దీనిలో ముఖ్య భాగాలు. ఈ జీవులకు ఒంటి వేడిని తమంతట తాము నిలుపుకునే శక్తి లేదు. తిండి తినడం, పెరగడం, గుడ్లు కట్టడం అన్నీ చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టే సాగుతాయి.

అమెరికాలో విలియం కీత్ బ్రూక్స్ 1879 ప్రాంతంలోనే ఆల్చిప్ప గుడ్లను కృత్రిమంగా ఫలదీకరించాడు. కానీ ఆ పిల్లలు గట్టి ఉపరితలానికి అతుక్కునే దశ దాకా బతకలేదు. 1920 ప్రాంతంలో న్యూయార్క్‌లో విలియం ఫర్త్ వెల్స్ ఆ దశ దాటించాడు. నీరు మార్చేటప్పుడు పిల్లలు కొట్టుకుపోకుండా అతను వాడింది పాల మీగడ తీసే సెంట్రిఫ్యూజ్. ఆల్చిప్పల హేచరీ చరిత్రను కనెక్టికట్‌లోని మిల్‌ఫర్డ్ ప్రయోగశాలతో మొదలుపెట్టే రచనలు ఉన్నాయి. పిల్లల పెంపకం వరకు వెల్స్‌కే మొదటి స్థానం ఇవ్వడం సబబుగా తోస్తుంది. ఉష్ణోగ్రతను పద్ధతిగా మలిచిన ఘనత మాత్రం మిల్‌ఫర్డ్‌దే.

అక్కడ విక్టర్ లూసనాఫ్ నడి శీతాకాలంలో గడ్డకట్టే చలినీటి నుంచి తెచ్చిన ఆల్చిప్పలను వెచ్చని నీటిలో ఉంచి, వేసవి రాకముందే గుడ్లు కట్టించవచ్చని 1945లో ప్రకటించాడు. వేడిని మెల్లగా 20 డిగ్రీల దాకా పెంచి కొన్ని వారాలు ఉంచితే అవి పక్వానికి వస్తాయి. ఆపైన 25 దాటించి కదిలిస్తారు. మగది వీర్యాన్ని పొగతీగలా సన్నగా వదులుతుంది. ఆడది చిప్పలు టపటపా మూస్తూ గుడ్లను బయటికి చిమ్ముతుంది. వేసవికే పరిమితమైన పరిశోధన ఏడాది పొడవునా చేయడం దీంతో వీలైంది. హ్యారీ డేవిస్‌తో కలిసి లూసనాఫ్ 1963లో వెలువరించిన సమీక్ష నేటికీ ఈ రంగంలో ఆధార గ్రంథంలా నిలిచింది.

మన తీరంలో పని తలకిందులుగా నడిచింది. తూత్తుక్కుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, 1980ల మొదట్లో, ఆంధ్ర తీరపు కయ్యల్లోనూ దొరికే మద్రాసు ఆల్చిప్పను దాదాపు 20–22 డిగ్రీల చల్లని నీటిలో కొన్నాళ్లు ఉంచి, తర్వాత 34–35 డిగ్రీల నీటిలోకి మార్చే విధానం పాటించింది. ఇక్కడ అవసరమైనది హీటరు కన్నా ముందు చిల్లరు. ఉష్ణమండలంలో సహజంగా గుడ్లు విడవడానికి వేడి కన్నా వానలతో మారే ఉప్పదనమే ఎక్కువ కారణమని చాలామంది భావిస్తారు.

నిర్మాణంలో మొదటి చిక్కు కరెంటు. నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీటిని 10 డిగ్రీలు వేడి చేయడానికే దాదాపు 700 వాట్లు కావాలి; అందుకే బయటికి పోయే నీటి వేడిని లోపలికి వచ్చే నీటికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ పెడతారు. ఆల్చిప్ప పిల్లలకు రాగి విషం కాబట్టి నీరు తగిలే భాగాలు టైటానియం, గాజు లేదా ప్లాస్టిక్‌వై ఉండాలి.

రెండో చిక్కు కంటికి కనబడదు. చలినీటిలో కరిగిన గాలి, నీరు వేడెక్కాక అందులో ఇమడలేక జీవి కణజాలంలో బుడగలు కడుతుంది. ఆల్చిప్పల్లో, గుల్లల్లో ఈ వ్యాధిని 1972లో వివరించారు. మొప్పల పోగుల్లో బుడగలు చిక్కుకుంటాయి, చిప్ప లోపలి పొర బొబ్బలెక్కుతుంది. విరుగుడుగా వేడి నీటిని నేరుగా తొట్టిలోకి పంపకుండా, పైన తెరిచిన పాత్రలో పలచగా జల్లి, గాలికి తగలనిచ్చి ఆ తర్వాతే కిందికి వదులుతారు.