పేరు కొట్టేసినవాళ్లూ, నాటకమూ

నాటకం సమాజాన్ని విమర్శించిందని రాసేయడం తేలిక. ఎవరి పక్షాన, ఎవరి నోటితో విమర్శించిందని అడిగితేనే అసలు చర్చ మొదలవుతుంది. ఇరవై లక్షల జనాభా ఉన్న స్లొవేనియా నాటకరంగాన్ని ఈ ప్రశ్నతోనే చూద్దాం.

1907లో ఇవాన్ చాంకర్ రాసిన కథలో పాలేరు యెర్నేయ్ ఒకే ఇంట్లో 40 ఏళ్లు చాకిరీ చేస్తాడు. పెద్ద యజమాని చచ్చిపోగానే కొడుకు వెళ్లగొడతాడు. న్యాయం కోసం కోర్టులు తిరిగి, చక్రవర్తి ఉండే వియన్నా దాకా పోయినా దొరకదు. ఈ కథ తర్వాత రంగస్థలమెక్కింది. 1910లో చాంకరే రాసిన 'హ్లాప్ట్సి' నాటకం పేరుకి అర్థం కూడా పాలేర్లే. అయితే ఇందులో పాలేర్లు బడిపంతుళ్లు! ఎన్నికల్లో చర్చి పార్టీ గెలవగానే నిన్నటి ఉదారవాదులు రాత్రికి రాత్రి భక్తులైపోతారు. యెర్మాన్ ఒక్కడే లొంగడు. ఆస్ట్రియా సెన్సారు ప్రదర్శనను అడ్డుకుంది. చాంకర్ 1918లో చనిపోయాక, 1919లో గానీ అది వేదికెక్కలేదు. పొట్టకోసం చాకిరీ చేసే పాలేరు న్యాయం అడిగాడు. చదువుకున్న పాలేరు అడగడమే మానేశాడు. టీచర్లుగా మనం ఈ తేడాని గుర్తుపెట్టుకోవాలి.

సోషలిస్టు రాజ్యంలో విమర్శకి కొత్త అడ్డంకులొచ్చాయి. 1960 నాటి దొమినిక్ స్మోలె 'అంతిగొన'లో అంతిగొన వేదికమీదకే రాదు. ఆమె గురించి మిగతావాళ్లే మాట్లాడతారు. 1964లో లుబ్లియానాలోని 'ఓదెర్ 57' బృందం మర్యాన్ రొజాన్ట్స్ నాటకం వేస్తుంటే, ఒక వ్యవసాయ సంస్థ కార్మికులను తెచ్చి ప్రదర్శన ఆపించారు. ఆ బృందం కథ అక్కడితో ముగిసింది. శ్రామికుల పేరు చెప్పుకునే రాజ్యం, శ్రామికులనే నాటకం మీదికి ఉసిగొల్పింది. ఈ ఎత్తుగడ మనకి కొత్తదేం కాదు.

స్వతంత్ర దేశమయ్యాక, 1992 ఫిబ్రవరి 26న శాశ్వత నివాసుల జాబితా నుంచి 25,671 మందిని చడీచప్పుడు లేకుండా కొట్టేశారు. ఎక్కువమంది యుగోస్లావియాలోని ఇతర రిపబ్లిక్‌ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో రోమా జనమూ ఉన్నారు. కొలువు, వైద్యం, పింఛను అన్నీ పోయాయి. బోస్నియాలో పుట్టిన దర్శకుడు ఒలివెర్ ఫ్రల్యిచ్ ఆ సంఖ్యనే పేరుగా పెట్టి 2013లో క్రాన్య్ థియేటర్‌లో నాటకం చేశాడు.

నాటకం వచ్చేసరికి 21 ఏళ్లు గడిచాయి. అప్పటికే 2002లో బాధితులు సంఘం పెట్టుకున్నారు, 2012లో యూరోపియన్ మానవహక్కుల కోర్టులో గెలిచారు. అధ్యక్షుడి క్షమాపణ 2022లో గానీ రాలేదు. అంటే నాటకం వాళ్లకి నోరివ్వలేదు. వాళ్లు అప్పటికే ఎత్తిన గొంతుని ఆలస్యంగా విన్నది. దాన్ని మెచ్చుకుందాం. కానీ చరిత్ర రాసేటప్పుడు ముందు పేరు ఎవరిది పెడుతున్నామో చూసుకుందాం.